ఏ మంచండీ మీరు రాసేది? ఆర్కిటిక్ వార్తలు రాసే తెలుగు డెస్కులకి ఒక బహిరంగ లేఖ

న్యూస్ ఛానళ్ళ డెస్కుల్లో, వెబ్‌సైట్లలో పనిచేసే సబ్ ఎడిటర్లకి, యూట్యూబ్‌లో సైన్స్ వీడియోలు చేసే మిత్రులకి,

నమస్కారం. నేను సూళ్లూరుపేటలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. రాత్రి పన్నెండింటికి ఏజెన్సీ కాపీ ముందేసుకుని పావుగంటలో తెలుగు చేసే వాళ్ళ కష్టం నాకు తెలుసు, మా బావమరిది ఆరేళ్ళు అదే పని చేశాడు. అందుకే నేరుగా ఇలా రాయకుండా ముందు మెయిలే పెట్టా.

జరిగింది ఇది. 2025 సెప్టెంబర్‌లో ఒక ఛానల్ వెబ్‌సైట్‌లో వార్త వచ్చింది, పేరు చెప్పను. ఆర్కిటిక్‌లో ఇక మిగిలింది 4.6 లక్షల చదరపు కిలోమీటర్ల మంచే అని. అసలు లెక్క 4.60 మిలియన్. మిలియన్ అంటే పది లక్షలు, కాబట్టి అది 46 లక్షలు. ఒక్క సున్నా ఎగిరిపోయింది. మెయిల్ పెడితే మీ మెయిల్ అందింది అని ఆటోమేటిక్ జవాబొచ్చింది, తర్వాత రెండు పెడితే అదీ లేదు. ఫోన్ చేస్తే ఒకబ్బాయి చాలా మర్యాదగానే "సార్, ఆ స్టోరీ పాతదైపోయింది, ఇప్పుడెవరు చూస్తారు" అన్నాడు. ఎవరు చూస్తారంటే మా సెకండియర్ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఇవాళ్టికీ తిరుగుతోంది బాబూ అన్నా. సరే సార్ చెప్తాను అన్నాడు. అంతే.

సున్నాయే కదా అనుకోవద్దు. ఆర్కిటిక్ సముద్రంలో మంచు 10 లక్షల చదరపు కిలోమీటర్ల కంటే తగ్గితే దాన్ని సైంటిస్టులు మంచు లేని ఆర్కిటిక్ అంటారు, అంటే పూర్తిగా సున్నా కానక్కర్లేదు. 4.6 లక్షలు అని రాశారంటే ఆ సంఘటన జరిగిపోయిందని రాసినట్టే. ప్రపంచంలో ఏ పేపరూ వెయ్యని బ్రేకింగ్ న్యూస్ మనవాళ్ళు వేసేశారు, వేసినట్టు వాళ్ళకే తెలీదు. రాసేవాళ్ళకి అనుమానం రావడానికి ఒక చిన్న లెక్క చాలు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇండియా మొత్తం 32.87 లక్షలు. ధ్రువం చుట్టూ ఉన్న సముద్రంలో మంచు అంతా కలిపి రెండు ఉమ్మడి ఏపీల కంటే తక్కువా అని ఒక్క నిమిషం ఆగితే సరిపోయేది.

ఇది ఒక్క ఛానల్ గొడవే అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. పదేళ్ళుగా చూస్తున్నా, ఒకవైపు "ఆర్కిటిక్ అయిపోయింది", ఇంకోవైపు "అంతా బోగస్, మంచు పెరుగుతోంది", రెండూ ఒకే డేటా నుంచి. నాకు కనిపించినవి నంబర్లేసి చెప్తా.

1. అసలు సమస్య మన మాటలోనే ఉంది. తెలుగులో అన్నీ మంచే. పొద్దున్నే పొలాల మీద కమ్మేది మంచు, డిసెంబర్‌లో లంబసింగిలో గడ్డి మీద కనిపించేది మంచు, హిమాలయాల్లో ఆకాశం నుంచి రాలేది మంచు, సముద్రం గడ్డకడితే మంచు, గ్రీన్‌లాండ్ మీద కిలోమీటర్ల మందాన ఉన్నదీ మంచే. ఇంగ్లీషు కాపీలో వీటికి తలో పేరు ఉంటుంది, తెలుగులోకి వచ్చేసరికి అన్నీ కలిసిపోయి "మంచు పెరిగింది", "మంచు కరిగింది" అవుతాయి. ఏ మంచు?

2017 ప్రాంతంలో గ్రీన్‌లాండ్ మంచు పెరుగుతోంది అని ప్రపంచమంతా తిరిగిన ప్రచారం గుర్తుందా? డెన్మార్క్ వాతావరణ శాఖ వాళ్ళు రోజూ ఒక గ్రాఫ్ పెడతారు. గ్రీన్‌లాండ్ మీద ఎంత స్నో పడింది, పైన ఎంత కరిగింది, తేడా ఎంత అనేది మాత్రమే దాని లెక్క. అంచుల్లో హిమానీనదాలు విరిగి సముద్రంలో పడిపోయేది అందులో ఉండదు. ఆ గ్రాఫ్ మామూలుగా ఏడాది చివరికి ప్లస్‌లోనే ఉంటుంది. దాన్ని చూపించి గ్రీన్‌లాండ్ లాభాల్లో ఉందనడం ఎలాంటిదంటే, జీతం పడింది, కిరాణా ఖర్చు పోయింది, మిగిలింది ఇంత అని చెప్పి ఇంటి లోన్ కిస్తీ చెప్పకుండా దాచినట్టు. మొత్తం బరువు తూచే శాటిలైట్లు వేరే ఉన్నాయి, 2002 నుంచి గ్రేస్, 2018 నుంచి దాని తమ్ముడు. వాటి లెక్కలో గ్రీన్‌లాండ్ సగటున ఏడాదికి దాదాపు 27 వేల కోట్ల టన్నులు పోగొట్టుకుంటోంది. వినడానికి భయంకరంగా ఉంటుంది గానీ, దానివల్ల సముద్రమట్టం పెరిగేది ఏడాదికి ఒక మిల్లీమీటరు కంటే తక్కువే. రెండూ కలిపి చెప్తేనే అది వార్త.

నేలమీద పడే స్నోది ఇంకో కథ. రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళ దగ్గర 1960ల చివర్నుంచి ఉత్తరార్ధగోళం స్నో లెక్కలున్నాయి. అందులో అక్టోబర్ చూస్తే స్నో పెరుగుతున్నట్టుంటుంది, జూన్ చూస్తే దారుణంగా తగ్గుతుంటుంది. కావాల్సినవాళ్ళు కావాల్సిన నెల తీసుకుంటారు. అక్టోబర్ పెరుగుదలని 2013లో కెనడా పరిశోధకులు ఇద్దరు వేరే డేటాలతో పోల్చి చూస్తే మిగతావాటిలో అది కనిపించలేదు. కాలం గడిచేకొద్దీ మ్యాపులు గీసే పద్ధతి మెరుగుపడి ముందు కనిపించని స్నో తర్వాత కనిపించడం మొదలైంది, అదీ సంగతి.

ఇక సముద్రంలో తేలే మంచు కరిగితే ఊళ్ళు మునుగుతాయని రాయడం. దీనికి నేను క్లాసులో చేసేది చెప్తా. బజార్లో చేపల కొట్టు నుంచి గుప్పెడు ఐస్ తెప్పిస్తా, రెండు సోడా గ్లాసులు. ఒకదాంట్లో నీళ్ళు పోసి ఐస్ తేలేట్టు వేసి మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత. రెండోదాంట్లో నీళ్ళ వరకే గీత గీసి, పైన టీ వడగట్టే జాలీ పెట్టి దాంట్లో ఐస్. పీరియడ్ బెల్ కొట్టేసరికి మొదటిది గీత దగ్గరే ఉంటుంది, రెండోది వేలెడు పైకొస్తుంది. మొదటిది ఆర్కిటిక్ సముద్రం, రెండోది గ్రీన్‌లాండ్. ఉప్పునీళ్ళయితే మొదటిదాంట్లో అతి కొంచెం తేడా వస్తుంది, ఆ తేడాతో పులికాట్ ఒడ్డున ఒక పడవ కూడా తడవదు. ఇరవై రూపాయల ప్రయోగం ఇది, ఒక్క ఛానల్లో అయినా చూపించారా?

2. ఒక్కో సంస్థ ఒక్కో నంబర్ ఇస్తుంది, అది కుట్ర కాదు. అమెరికాలో కొలరాడోలోని బౌల్డర్ అనే ఊళ్ళో ఎన్ఎస్ఐడీసీ అని స్నో, ఐస్ డేటా సెంటర్ ఉంది, ఎక్కువమంది వాడేది వాళ్ళ లెక్కే. వాళ్ళు సముద్రాన్ని 25 కిలోమీటర్ల గళ్ళు గళ్ళుగా విడగొడతారు, మన లెక్కల నోట్‌బుక్‌లా అనుకోండి. ఒక గడిలో 15 శాతం మంచు ఉంటే చాలు, ఆ గడి మొత్తం మంచు ఉన్నట్టే లెక్క. దీన్ని విస్తీర్ణం అంటారు. ఏ గడిలో ఎంత శాతం ఉంటే అంతే కలిపితే అది అసలు వైశాల్యం, అది ఎప్పుడూ తక్కువే వస్తుంది. మరి అసలు వైశాల్యమే చెప్పొచ్చు కదా అంటే, వేసవిలో మంచు మీద నీళ్ళు మడుగులు కడతాయి, శాటిలైట్‌కి ఆ మడుగు సముద్రంలా కనిపిస్తుంది, మంచు ఉన్నా లేదనుకుంటుంది. పైగా శాటిలైట్ కక్ష్య సరిగ్గా ధ్రువం మీదుగా వెళ్ళదు కాబట్టి మధ్యలో ఒక గుండ్రటి గుడ్డి మచ్చ ఉంటుంది. 1987లో పరికరం మారినప్పుడు ఆ మచ్చ చిన్నదైంది, దాంతో వైశాల్యం గ్రాఫ్‌లో ఉన్నట్టుండి ఒక ఎగుడు కనిపిస్తుంది, మంచు పెరగలేదు, చూపు పెరిగింది. ఈ ముక్క తెలీకుండా ఆ గ్రాఫ్ మీద బాణం గుర్తు వేసి వీడియో చేసినవాళ్ళున్నారు.

2008లో ఒకాయన మ్యాప్ బొమ్మలో తెల్లటి పిక్సెళ్ళు లెక్కపెట్టి, సెంటర్ వాళ్ళు పెరుగుదల తక్కువ చేసి చెప్తున్నారని బ్రిటన్ వెబ్‌సైట్‌లో రాశాడు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిస్తే అన్ని పిక్సెళ్ళూ ఒకే సైజు నేల కావని సెంటర్ సైంటిస్టు వివరిస్తే ఆ రాసినాయన ఒప్పుకుని దిద్దుకున్నాడు. ఆ దిద్దుబాటుకి నేను దణ్ణం పెడతా, ఎందుకంటే మా మెయిళ్ళకి అది కూడా రాలేదు.

3. దేంతో పోలుస్తున్నారో చెప్పకుండా శాతాలు. 2012 సెప్టెంబర్ 17న విస్తీర్ణం 33.9 లక్షలకి పడిపోయింది, శాటిలైట్ లెక్కలు మొదలైన 1979 నుంచి అంత తక్కువ ఎప్పుడూ లేదు. దాదాపు మన ఇండియా అంత. మరుసటి ఏడాది 50 లక్షల పైన ఉంది. వెంటనే 2013 సెప్టెంబర్‌లో బ్రిటన్ పేపర్ ఒకటి మంచు 60 శాతం పెరిగింది, ఇక గ్లోబల్ కూలింగే అని వేసింది, తర్వాత 29 శాతం అని మార్చింది. తిరుపతిలో గుండు కొట్టించుకుని వచ్చినవాడికి రెండు నెలల్లో జుట్టు వెయ్యి శాతం పెరుగుతుంది, వాడికి ఒత్తైన జుట్టుందని ఎవరైనా అంటారా? 1980ల మొదట్లో అదే సెప్టెంబర్‌లో 70 లక్షల దాకా ఉండేది, దాంతో కదా పోల్చాల్సింది.

భయపెట్టేవాళ్ళనీ వదలను. 2009 డిసెంబర్‌లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఐదు నుంచి ఏడేళ్ళలో వేసవి నెలల్లో ఆర్కిటిక్ పూర్తిగా ఖాళీ అయ్యే అవకాశం 75 శాతం ఉందని కొన్ని మోడల్స్ చెప్తున్నాయన్నారు. ఏ సైంటిస్టు పేరు చెప్పారో ఆయనే ఆ 75 ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదన్నాడు. 2016 వచ్చింది, వెళ్ళింది, ఆ సెప్టెంబర్‌లో 41 లక్షల పైనే ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇవాళ్టికీ మా క్లాసులో పిల్లలు "ఏంది సార్, అప్పుడే అయిపోద్దన్నారు గదా" అంటారు. అతి చేసినవాళ్ళు అలా చెప్పకపోతే, లేదనేవాళ్ళకి ఇంత సరుకు దొరికేది కాదు.

2025 అయితే రెండు వర్గాలకీ పండగే. మార్చి 22న చలికాలపు గరిష్ఠం 143 లక్షలు, 47 ఏళ్ళ లెక్కల్లో అన్నిటికంటే తక్కువ. అదే ఏడాది సెప్టెంబర్ 10న కనిష్ఠం 46 లక్షలు, అది తక్కువల్లో పదో స్థానం. మార్చిలో "రికార్డు పతనం", సెప్టెంబర్‌లో "కోలుకున్న ఆర్కిటిక్", రెండూ నేను చూశా, రెండో వీడియోలో మొదటిదాని ప్రస్తావన లేదు. 2007 నుంచి 2025 దాకా ఉన్న 19 ఏళ్ళే మొత్తం రికార్డులో అతి తక్కువ 19 అన్న ముక్క రెండిట్లోనూ లేదు. ఈ ఇరవై ఏళ్ళలో సెప్టెంబర్ మంచు తగ్గే వేగం మందగించిందని 2025 ఆగస్టులో ఒక పరిశోధన వచ్చింది, నిజమే. సహజమైన ఒడిదుడుకులు కొన్నాళ్ళు వేడి ప్రభావాన్ని కప్పేస్తాయి, మళ్ళీ వేగం పుంజుకోవచ్చు అని వాళ్ళే అన్నారు. మొదటి సగం రాసి రెండో సగం మింగేస్తే ఎలా?

4. తప్పు దిద్దుకోవడం. 2009 ఫిబ్రవరిలో ఎన్ఎస్ఐడీసీ వాళ్ళు శాటిలైట్ సెన్సర్ మెల్లగా దారి తప్పిందని, దానివల్ల నెలన్నర రోజుల్లో మంచుని 5 లక్షల చదరపు కిలోమీటర్ల దాకా తక్కువ చూపించామని వాళ్ళంతట వాళ్ళే ప్రకటించారు, వేరే శాటిలైట్‌కి మారి పాత లెక్క సరిచేశారు. "చూశారా మోసం" అని గోల చేసినవాళ్ళు చేశారు. నాకు మాత్రం దానివల్లే నమ్మకం పెరిగింది. తప్పు ఎంతో, ఏ తేదీ నుంచో, ఎందుకో, అన్నీ రాసి పెట్టారు.

5. శాటిలైట్ల గొడవ. 2025 జూన్ చివర్లో అమెరికా వాతావరణ సంస్థ, మిలిటరీ శాటిలైట్ల మైక్రోవేవ్ డేటా జూన్ 30 నుంచి ఇక రాదని కొద్ది రోజుల ముందు చెప్పింది. ఆపడానికి కారణం సైబర్ సెక్యూరిటీ అన్నారు, గోల అయ్యాక జులై 31 దాకా పొడిగించారు, తర్వాత 2026 సెప్టెంబర్ దాకా ఇస్తామన్నారు. ఈలోపు మంచు లెక్కలవాళ్ళు జపాన్ శాటిలైట్ వైపు చూడాల్సొచ్చింది, అది 2012లో ఐదేళ్ళ ఆయుష్షుతో పంపింది. అంతకుముందు 2025 మే నెలలోనే డబ్బు సాయం తగ్గి ఎన్ఎస్ఐడీసీలో కొన్ని డేటాల నిర్వహణ స్థాయి కూడా దించేశారు. అసలు వార్త ఇది కదా! నలభై ఏడేళ్ళ కొలత తెగిపోయే పరిస్థితి. పైగా ఈ మైక్రోవేవ్ డేటా మంచుకే కాదు, పైన మేఘాలున్నా తుఫాను లోపల ఏం జరుగుతోందో చూడ్డానికి కూడా వాడతారు, తుఫాన్లంటే ఏంటో కోస్తావాళ్ళకి చెప్పక్కర్లేదు. మన డెస్కుల్లో దీనికి దొరికింది స్క్రోలింగ్‌లో ఒక లైను, అది కూడా "మంచు రహస్యం దాస్తున్న అమెరికా" అని.

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెప్తా, ఎందుకంటే "బౌల్డర్ లెక్క మా ప్రేక్షకులకెందుకు సార్" అని కూడా ఫోన్లో అన్నాడా అబ్బాయి.

మా స్టూడెంట్ ఒకడిది పులికాట్ ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న కాలేజీకి వచ్చి ఫీజు కట్టి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "సార్, ఆర్కిటిక్‌లో మంచు అయిపోయిందంట, మూడేళ్ళలో మా ఊరు మునిగిపోద్దంట, ఇంటికి స్లాబు వేద్దామనుకుంటున్నా, వెయ్యమంటారా వద్దంటారా" అన్నాడు. ఫోన్ తీసి చూపించాడు, అదే 4.6 లక్షల వార్త, కింద ఎవరో అతికించిన వీడియో. నేను గ్లాసుల కథ చెప్పి, సముద్రం పెరగడం నిజమే గానీ మూడేళ్ళ సంగతి కాదు, ముందు తుఫానుకి తట్టుకునేట్టు కట్టుకో అన్నా. విన్నాడో లేదో తెలీదు, స్లాబు మాత్రం ఇంకా వెయ్యలేదు.

రైతులది ఇంకోటి. గోవాలో ఉన్న మన ధ్రువ పరిశోధన కేంద్రం వాళ్ళు 2021లో ఒక పేపర్ వేశారు. రష్యాకి ఉత్తరాన ఆర్కిటిక్‌లో భాగమైన కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ మన దగ్గర రుతుపవనాల చివర్లో, సెప్టెంబర్‌లో, కుండపోత వానలకీ సంబంధం ఉండొచ్చు అని. ఆ "ఉండొచ్చు" పేపర్ టైటిల్లోనే ఉంది. వీడియోల్లో అది "ఆర్కిటిక్ వల్లే ఈ ఏడాది వానలు" అయింది, ఇంకోదాంట్లో "ఆర్కిటిక్ వల్ల ఈసారి వానల్లేవు" కూడా అయింది. మంచుకీ మన వానకీ లింకు వెతకడం కొత్త కాదు, 1884లోనే మన వాతావరణ శాఖ మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ హిమాలయాల స్నో చూసి మన రుతుపవనాలు అంచనా వెయ్యొచ్చన్నాడు, నూట నలభై ఏళ్ళయినా అదింకా తేలని లెక్కే. ఆ వీడియోలు నమ్మి నార్లు ఆలస్యం చేసుకున్నవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు, నష్టం ఎంతని అడగొద్దు, వాళ్ళు చెప్పరు.

పిల్లల సంగతి నాకు అన్నిటికంటే బాధ. 2025 జులై 30 సాయంత్రం 5:40కి శ్రీహరికోట నుంచి నైసార్ శాటిలైట్ వెళ్ళింది, మా స్టాఫ్ రూం కిటికీలు గడగడలాడాయి, పిల్లలు మేడెక్కి కేకలు. నాసాతో కలిసి మన ఇస్రో చేసిన ఆ శాటిలైట్ పనుల్లో గ్రీన్‌లాండ్ మీదున్నలాంటి మంచుఫలకలు ఎంత కదిలాయో చూడ్డం ఒకటి. అంటే మా ఊరి పక్కనుంచి వెళ్ళిన యంత్రం ఆ మంచుని కొలుస్తుంది. మర్నాడు అదే పిల్లల్లో ఒకడు "మంచు డేటా అంతా ఫేక్ అంట గదా సార్, మరి ఇది దేనికి" అన్నాడు. వాణ్ణి తప్పుపట్టలేను, వాడు చూసిన రెండు వీడియోల్లో రెండు నంబర్లున్నాయి, ఎందుకు తేడానో ఒక్కరూ చెప్పలేదు.

కాబట్టి అడుగుతున్నవి ఇవి, పెద్ద ఖర్చున్నవి ఏవీ కావు:

1. ఏ మంచో రాయండి. సముద్రపు మంచు, మంచుఫలక, హిమానీనదం, స్నో. ఐస్ అన్నా పర్లేదు, సముద్రం మీద ఐస్ అంటే మా అమ్మకి కూడా అర్థమవుతుంది. ఒట్టి మంచు మాత్రం వద్దు.

2. మిలియన్, బిలియన్లని లక్షలు, కోట్లలోకి మార్చాక ఇంకొకరు సరిచూడాలి. పక్కన ఇండియా 32.87 లక్షలు అని ఒక పోలిక వేస్తే తప్పు దానంతటదే బయటపడుతుంది.

3. ఏ తేదీ, ఏ సంస్థ లెక్క, దేంతో పోలిక, ఈ మూడూ లేకుండా శాతం వెయ్యొద్దు. టైటిల్లో చోటు లేకపోతే మొదటి పేరాలో అయినా.

4. "ఉండొచ్చు", "అవకాశం" అన్న మాటలు ఇంగ్లీషు కాపీలో ఉంటే తెలుగులో కూడా ఉండాలి. థంబ్‌నెయిల్‌లో కూడా.

5. తప్పయితే అదే పేజీలో పైన, ఏం తప్పు, ఎప్పుడు సరిచేశాం అని రాయండి. చప్పుడు చెయ్యకుండా పేజీ తీసెయ్యడం దిద్దుబాటు కాదు, స్క్రీన్‌షాట్లు బతికే ఉంటాయి. పాత స్టోరీ అని వదిలెయ్యొద్దు.

6. హైదరాబాద్‌లోనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, శాటిలైట్ డేటా తీసుకునే రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. మంచు మీద పెద్ద స్టోరీ వేసేముందు ఇలాంటి చోట ఒక్కరికైనా ఫోన్ చెయ్యండి. ఆ సంస్థల్లో ఉన్నవాళ్ళకి కూడా నా మనవి, రిపోర్టర్ ఫోన్ చేస్తే ప్రెస్ నోట్ చూసుకోండి అనకుండా పది నిమిషాలు తెలుగులో మాట్లాడండి.

ఆ 4.6 లక్షల వార్త ఇది రాసేటప్పటికి కూడా అలాగే ఉంది, పొద్దున్నే మళ్ళీ చూశా. నాలుగో మెయిల్ ఇవాళే పెట్టా, రెండు వారాలు చూస్తా. సరిచేస్తే ఆ సంగతి ఈ లేఖ కిందే రాస్తా, థాంక్స్ కూడా చెప్తా. చెయ్యకపోతే ఫిర్యాదుల విభాగానికి పిల్లలందరి సంతకాలతో కాగితం పంపిస్తా. సెకండియర్ రెండు సెక్షన్లు, నూట పదిమంది, సంతకాలు అప్పుడే మొదలుపెట్టారు.

ఇట్లు
ఒక ఫిజిక్స్ లెక్చరర్, సూళ్లూరుపేట